వెంట్రుక అనుకున్న పగులు

గిటారు పై పలక మీద సన్నటి గీత చూసి ముందు వెంట్రుక అనుకున్నాను. తుడిస్తే పోలేదు. గోటితో తాకితే తెలిసింది, పగులు! తీగల కింది కొసలు పట్టి ఉంచే చెక్క ముక్క, బ్రిడ్జి నుంచి అంచు దాకా, స్ప్రూస్ చెక్క నారల వెంటే సాగింది. తప్పు నాదే. గాలిలో తేమ 45–50 శాతం ఉండాలని తెలిసీ, నెలల తరబడి ఏసీ గదిలో గోడకు తగిలించి వదిలేశాను.

వెంటనే జిగురు పూసేయాలని చేతులు ఊరుకోలేదు. ఆగాను. తీగలు వదులు చేసి, చిల్లుల డబ్బాలో తడి స్పాంజి ఉంచి, గిటారుతో పాటు పెట్టెలో మూశాను. వారం తిరిగేసరికి చెక్క ఉబ్బి పగులు దానంతట అదే దగ్గరికి వచ్చింది. సగం వైద్యం తేమదే.

తర్వాత చెక్క జిగురు. పైన వేలితో రుద్దుతూ, గిటారు మధ్య రంధ్రంలోంచి మరో చేత్తో పలకను మెల్లగా ఎత్తి వదులుతుంటే, పగులు జిగురును గుక్కగుక్కగా తాగింది. లోపల చిన్న బొట్లు తేలాక, పైది తడిగుడ్డతో తుడిచి క్లాంపు బిగించాను. మర్నాడు లోపలి వైపు మూడు స్ప్రూస్ బిళ్లలు అంటించాను, వాటి నారలు పగులుకు అడ్డంగా వచ్చేలా. చిన్న అద్దంలో చూస్తూ చేసే పని కదా, ఒకటి వంకరగా కూర్చుంది. ఆ సంగతి నాకూ అద్దానికీ తప్ప ఎవరికీ తెలియదు.

పక్క వెలుతురులో మచ్చ ఇంకా కనిపిస్తోంది. ఈ రాత్రి తీగలు బిగించి మీటాను. గరగర లేదు.