పెన్సిల్ గీత

పిన్ని ఇచ్చిన బయోడేటాలు తిరగేస్తుంటే, ప్రతిదాంట్లో జీతం దగ్గర పెన్సిల్‌తో సన్నటి గీత. పిన్ని గీసిందనుకున్నా. కాదు, చెల్లే.

"పెళ్లయ్యాక నా ఉద్యోగం ఉంటుందో మానేయమంటారో తెలీదు కదక్కా, అందుకే చూసుకుంటున్నా" అంది.

1989లో డేవిడ్ బస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 37 సంస్కృతుల్లో 10 వేల మందికి పైగా అడిగితే, భాగస్వామి సంపాదనకు మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువ విలువిచ్చారు. మన దేశమూ అందులో ఉంది. అది పరిణామక్రమంలో వచ్చిన స్వభావం అన్నాడాయన. 1999లో ఆలిస్ ఈగ్లీ, వెండీ వుడ్ అనే మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అదే డేటాను మళ్లీ చూశారు. ఆడా మగా ఎక్కువ సమానంగా ఉన్న దేశాల్లో ఆ తేడా తక్కువగా ఉందన్నారు. తర్వాతి అధ్యయనాలన్నీ దీన్ని బలపరచలేదు, చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

నాకు మాత్రం చెల్లి గొంతులోని ఆ భయమే గుర్తుండిపోయింది. "దీనికి డబ్బే ముఖ్యం" అని పిన్ని విసుక్కుంటే ఈసారి ఊరుకోలేకపోయాను. తన జీతం తనకు ఉంటుందన్న నమ్మకం ఎవరిచ్చారు దానికి?

సాయంత్రం ఇద్దరం కూర్చుని, ప్రతి బయోడేటా వెనక "ఉద్యోగం చేయనిస్తారా?" అని రాశాం. రేపు నేనే ఫోన్ చేసి అడుగుతాను.