వంపు తిరిగే గాలిలో వేక్ రెండు వైపులా ఒకేలా ఉండదు

బెంగళూరులో నాతో పనిచేసే తెలుగు యువ ఇంజినీర్లు, తిన్నని విండ్ టన్నెల్‌లో కొలిచిన వేక్ (గాలికి అడ్డుగా ఉన్న వస్తువు వెనక గాలి నెమ్మదించి కలతపడే భాగం) వెడల్పును వంపు ఉన్న డక్ట్ లెక్కలకు కూడా వాడుతుంటారు. అది ఎందుకు కుదరదో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

తిన్నని ప్రవాహంలో సెంటీమీటరు మందం ఉన్న గుండ్రటి కడ్డీ మీదికి సెకనుకు 20 మీటర్ల వేగంతో గాలి పంపితే, స్ట్రౌహాల్ సంఖ్య (సుడులు విడివడే రేటును కడ్డీ మందంతో గుణించి గాలి వేగంతో భాగిస్తే వచ్చేది) సుమారు 0.2 కనుక, కడ్డీకి ఒక్కో వైపు నుంచి సెకనుకు దాదాపు 400 సుడులు విడివడతాయి. హాట్‌వైర్‌ను (గాలి వేగాన్ని కొలిచే సన్నని వేడి తీగ) వేక్ మధ్యరేఖకు కాస్త పక్కగా ఉంచితే 400 హెర్ట్జ్ కనిపిస్తుంది. సరిగ్గా మధ్యరేఖ మీదికి తెస్తే రెండు వైపుల సుడులూ తగిలి 800 హెర్ట్జ్ ప్రస్ఫుటమవుతుంది. వేక్ ఎంత సౌష్ఠవంగా ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు ప్రవాహ దిశలో పీడనం పెరుగుతోందనుకుందాం. బయటి వేగం 20, వేక్ మధ్య వేగం 15 ఉన్నచోట నుంచి బయటి వేగం 16కు తగ్గితే, గాలి పొరలు ఒకదానిలో ఒకటి కలవడాన్ని పక్కనపెట్టి బెర్నూలీ సూత్రం ప్రకారం లెక్కిస్తే, మధ్య వేగం 9కి పడిపోతుంది. అంటే బయటి వేగంతో పోలిస్తే మధ్యలో ఉన్న లోటు 5 నుంచి 7కు పెరిగింది. బయటి వేగం ఇంకా తగ్గి 13 దాకా వస్తే, దరిదాపుల్లో గోడ అన్నదే లేకపోయినా, వేక్ నడుమ గాలి ఆగిపోయే పరిస్థితి వస్తుంది. నిజానికి సంక్షోభం (టర్బులెన్స్) వల్ల పొరలు కలవడం కొంత ఆదుకుంటుంది కానీ, ధోరణి మాత్రం ఇదే.

వంపు ప్రభావం వేరు. కోణీయ ద్రవ్యవేగం కేంద్రం నుంచి బయటికి పోయేకొద్దీ తగ్గితే ప్రవాహం అస్థిరమవుతుందని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త రేలీ చెప్పిన నియమం ఇక్కడ పనికొస్తుంది. వేక్ లోపలి సగంలో, అంటే వంపు కేంద్రం వైపు ఉన్న సగంలో, వేగం బయటివైపు తగ్గుతుంది కనుక అక్కడ సంక్షోభం రగులుకుని ఆ వైపు వెడల్పు పెరుగుతుంది. బయటి సగంలో వేగం పెరుగుతుంది కనుక సంక్షోభం అణగిపోతుంది.

ఈ రెండు ప్రభావాలనూ విడివిడిగా కొలిచి కూడలేమన్నది నా గట్టి అభిప్రాయం. డక్ట్ వంపులోకి ప్రవేశించేచోట లోపలి గోడ పక్కన పీడనం తగ్గుతుంది, బయటి గోడ పక్కన పెరుగుతుంది, నిష్క్రమించేచోట అది తారుమారవుతుంది. కనుక వేక్ రెండు సగాలూ ఒకే సమయంలో వేర్వేరు పీడన ప్రవణతలను (దూరంతో పాటు పీడనం మారే తీరును) ఎదుర్కొంటాయి. పైగా వేక్‌కు జ్ఞాపకం ఎక్కువ. పీడనం మారిన తరువాత వేక్ తిరిగి సమతాస్థితికి రావడానికి చాలా దూరం పడుతుందని ఇదే బెంగళూరులో ద్రవగతి శాస్త్రవేత్తలు రొద్దం నరసింహ, ప్రభు చేసి 1972లో ప్రచురించిన పరిశోధన చూపింది. అందుకే వంపు దాటి గాలి తిన్నగా సాగేచోట కొలిచినా, ఆ కొలతలో వంపు ఇంకా ఉంటుంది.