చీము పట్టని గాయం

ఉదయం నుంచి ముక్కు కారుతోంది, గొంతు మండుతోంది, ఒళ్లు కొద్దిగా కాగుతోంది. అక్కయ్యకు కీమోథెరపీ జరుగుతున్నందువల్ల ఈ స్థితిలో ఆమె దగ్గరికి వెళ్లడం మంచిది కాదని మానుకొని, ఆమె పంపిన రక్తపరీక్ష రిపోర్టును ఫోనులోనే చదివాను. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు మైక్రోలీటరుకు 400 ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో అవి సాధారణంగా 1,500కు పైనే ఉంటాయి. 500కు దిగువకు పడిపోతే తీవ్రమైన లోటుగా పరిగణిస్తారు. క్యాన్సర్ కణాల మాదిరిగానే వేగంగా విభజన చెందుతూ రక్తకణాలను తయారుచేసే ఎముక మజ్జ కణాలను కూడా కీమో మందులు దెబ్బతీస్తాయి కాబట్టి, మందు ఎక్కించిన ఒకటి రెండు వారాల్లో ఈ సంఖ్య బాగా తగ్గడం మామూలేనట.

నన్ను ఆలోచింపజేసింది ఆ సంఖ్య కన్నా మా ఇద్దరి పరిస్థితుల్లోని తేడా. నా జలుబులో బాధపెడుతున్న లక్షణాల్లో చాలావాటిని తెచ్చిపెట్టింది వైరస్ కాదు, దానితో పోరాడుతున్న నా రోగనిరోధక వ్యవస్థే. అంటే ఇంత హడావుడి జరుగుతోందంటే లోపల కాపలా సరిగానే ఉందన్నమాట. అక్కయ్య విషయంలో భయపెట్టేది నిశ్శబ్దం. చీములో అధికభాగం సూక్ష్మజీవులతో పోరాడి చనిపోయిన న్యూట్రోఫిల్సే. అవే కరువైన ఒంట్లో ఇన్‌ఫెక్షన్ సోకిన గాయం కూడా పెద్దగా ఎర్రబడకపోవచ్చు, వాయకపోవచ్చు, చీము పట్టకపోవచ్చు. న్యుమోనియా వచ్చినా ఛాతీ ఎక్స్‌రేలో మొదట ఏమీ కనిపించకపోవచ్చు. చాలాసార్లు జ్వరం ఒక్కటే ఆనవాలు. అందుకే 38 డిగ్రీల సెల్సియస్ దాటితే, అర్ధరాత్రయినా సరే, జ్వరం మాత్ర వేసుకొని తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా వెంటనే ఆసుపత్రికి రావాలని డాక్టరు ఆమెకు గట్టిగా చెప్పారు.

రోగనిరోధక శక్తి బలహీనపడటం అందరిలోనూ ఒకే తీరుగా ఉండదు. హెచ్.ఐ.వి. సీడీ4 అనే మరో రకం తెల్ల రక్తకణాలను హరిస్తుంది. ప్లీహం తీసేసినవారికి న్యూమోకాకస్ వంటి కొన్ని బ్యాక్టీరియాల ముప్పు ఎక్కువ. కిడ్నీ మార్పిడి జరిగినవారిలో, కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా, డాక్టర్లే మందులతో ఆ శక్తిని అణచి ఉంచుతారు. ఇమ్యూనిటీని అమాంతం పెంచేస్తామనే ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు విసుగు కలగడానికి కారణం కూడా ఇదే: రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్ వంటి జబ్బుల్లో ఈ వ్యవస్థే గురి తప్పి సొంత శరీరంపై దాడి చేస్తుంది, అప్పుడు చికిత్స దాన్ని తగ్గించడమే. అసలు అక్కయ్యకు తక్కువైన కణాలను ఏ పొడీ, ఏ కషాయమూ తయారుచేయలేవు. ఎముక మజ్జ కోలుకోవాలి.

సాయంత్రం ఫోనులో, "నీ జలుబు పూర్తిగా తగ్గేదాకా ఇటు రాకు, ఫ్లూ టీకా మాత్రం వేయించుకో" అంది. చుట్టూ ఉన్నవాళ్లు వేయించుకుంటే ఆమెకు అంత రక్షణ. తెల్లకణాల ఉత్పత్తిని ప్రేరేపించే ఇంజెక్షన్ అవసరమో కాదో రేపు నిర్ణయిస్తామన్నారట.