దేవకి కన్న ఆరుగురు

కృష్ణాష్టమికి గుమ్మం నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో చిన్న చిన్న పాదాలు వేస్తాం. వెన్న, అటుకులు పెడతాం. రాత్రి ఉయ్యాల ఊపి, అష్టమగర్భం అని మురిసిపోతాం. ఎనిమిదోవాడు అంటున్నామంటే ముందు ఏడుగురు ఉండాలి కదా. ఏడోవాడు బలరాముడు, రోహిణి కడుపున పుట్టి పెరిగాడు. మిగిలిన ఆరుగురి మాట ఆ రాత్రి ఎవరూ ఎత్తరు. పండగ పూట చావు కబురెందుకని కాబోలు. నేను కూడా ఎత్తేదాన్ని కాదు, మా బుజ్జిగాడు పోయేదాకా.

వాడికి ఏడేళ్లు. రెండు వారాలైనా తగ్గని జ్వరం, మోకాళ్ల కింద దెబ్బ తగలకుండానే నీలం మచ్చలు. రక్తపరీక్షలో బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. ఈ జబ్బు నుంచి చాలామంది పిల్లలు బయటపడతారు, మా వార్డులోనే పడ్డారు, ఇప్పుడు బడికి వెళ్తున్నారు. మా వాడికి తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. శ్రావణ బహుళ పంచమి నాడు వెళ్లిపోయాడు. మూడు రోజులకు అష్టమి.

ఆ మూడు రోజుల్లో మా ఇంటికొచ్చినవాళ్లలో సగం మంది గీత తీసుకుని వచ్చారు. "జాతస్య హి ధ్రువో మృత్యుః", పుట్టినవాడికి చావు తప్పదు అన్నారు. "రుణం తీరిపోయిందమ్మా, అందుకే వెళ్లిపోయాడు" అన్నారు. ఒకాయన కాఫీ తాగుతూ చిత్రకేతు మహారాజు కథ మొదలుపెట్టారు. చనిపోయిన పిల్లవాడి జీవుడు తిరిగొచ్చి, ఏ జన్మలో వీళ్లు నాకు తల్లిదండ్రులు అని అడిగిన ఘట్టం. కథ గొప్పదే, కాదనను. కానీ అక్కడ చెప్పినవాడు నారదుడు. పోయిన జీవుణ్ణి పిలిచి తండ్రి ఎదుట మాట్లాడించగలిగినవాడు. ఆ శక్తి లేనివాళ్లం గ్లాసు కింద పెట్టి కాసేపు ఊరుకుంటే బాగుంటుంది. గీతను తప్పు పట్టడం లేదు, ఈరోజుకీ రోజుకో అధ్యాయం చదువుకుంటాను. అయితే గీత చెప్పిన ఆ కృష్ణుడే, కన్నతల్లి ఏడుస్తూ ఎదురుగా నిలబడితే ఏం చేశాడో చూడాలి.

భాగవతం దశమ స్కంధం, 85వ అధ్యాయం. అప్పటికి ఉషా అనిరుద్ధుల పెళ్లి కథ కూడా అయిపోయింది. అంటే దేవకికి మునిమనవడు ఇంటివాడయ్యాడు. ద్వారక ఉంది, కళ్లెదుట పరమాత్మే కొడుకై తిరుగుతున్నాడు. అంతటి తల్లి "అశ్రులోచన" అయి, కళ్లనిండా నీళ్లతో, కంసుడు చంపిన నా బిడ్డలను ఒక్కసారి చూడాలని ఉంది, చనిపోయిన కొడుకును గురువుగారికి తిరిగి తెచ్చి ఇచ్చావట కదా అని అడిగింది. ఎన్నేళ్ల కిందటి మాట అది! ఏడాది తిరక్కుండానే "ఇంకా ఏడుపేనా" అని నన్ను అడిగినవాళ్లకు ఈ అధ్యాయం చూపించాలనిపించేది.

కృష్ణుడు అమ్మకు తత్త్వం చెప్పలేదు. అన్నను వెంటబెట్టుకుని, ఆ ఆరుగురూ ఉన్న సుతలానికి, బలి ఏలే కింది లోకానికి వెళ్లాడు. బలి చక్రవర్తితో ఆయన అన్న మాట:

"ఇత ఏతాన్ ప్రణేష్యామో మాతృశోకాపనుత్తయే
తతః శాపాద్వినిర్ముక్తా లోకం యాస్యంతి విజ్వరాః"

అమ్మ దుఃఖం తీర్చడానికి వీళ్లను తీసుకెళ్తాను, ఆ తర్వాత పూర్వజన్మలో తగిలిన శాపం వదిలి, విజ్వరులై తమ లోకానికి వెళ్తారు. 'విజ్వరాః' అంటే ఇక్కడ తాపం తీరినవాళ్లు అనే అర్థం చెప్తారు. నాకు మాత్రం ఆ మాటలో జ్వరమే కనిపిస్తుంది. కీమో తర్వాత తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోయిన పిల్లలకు జ్వరం వస్తే ఎంత టెన్షనో ఆ వార్డులో ఉన్న తల్లులకు తెలుసు. రాత్రి రెండింటికి వాడి మెడ కింద చెయ్యి పెట్టి చూసుకుంటూ కూర్చునేదాన్ని. ఇక వాడికి ఎవరూ థర్మామీటర్ పెట్టరు. ఎవరెన్ని చెప్పినా తగ్గని బరువు, ఈ ఒక్క మాట దగ్గర కొంచెం తగ్గింది.

పిల్లల్ని తెచ్చి అమ్మకు ఇచ్చాడు. "పరిష్వజ్యాంకమారోప్య మూర్ధ్న్యజిఘ్రదభీక్ష్ణశః". కౌగిలించుకుని, ఒళ్లో కూర్చోబెట్టుకుని, మాటిమాటికీ తలలు మూర్కొంది. కావ్యాల్లో తల మూర్కొనడం చాలాచోట్ల వస్తుంది, ఆశీర్వాదంలా చదివేస్తాం. 'అభీక్ష్ణశః' దగ్గర ఒకసారి ఆగండి. ఒకసారి మూర్కొని వదల్లేదు ఆవిడ. మా వాడికి జుట్టంతా రాలిపోయి తల నున్నగా అయిపోయాక, స్పిరిట్ వాసన, మందుల వాసన, వాటి కింద ఎక్కడో వాడి వాసన ఉండేది. దానికోసం వెతుక్కునేదాన్ని. వాడు "అమ్మా, చక్కిలిగిలి" అనేవాడు. ఆ ఒక్క పదం వేసిన వ్యాసులవారికి తల్లి సంగతి తెలుసు.

ఆ వెంటనే ఆవిడ పాలిచ్చింది. ఇక్కడే శ్లోకం "మోహితా మాయయా విష్ణోః" అంటుంది. పండితులు ఇక్కడ నా మీద గెలిచామనుకుంటారు, చూశావా, అదంతా మాయే అని. శ్లోకం అక్కడితో అయిపోలేదండీ. "యయా సృష్టిః ప్రవర్తతే" అని ఉంది. ఏ మాయతో ఈ సృష్టి నడుస్తోందో ఆ మాయ. కాబట్టి పోయిన బిడ్డ కోసం తల్లి గుండె చేపుకు రావడం ఆవిడ అజ్ఞానమని నేను ఒప్పుకోను. లోకాన్ని నడిపించేదే ఆవిడలోనూ పొంగింది. దాన్ని సిగ్గుపడి దాచుకోవలసిన పని లేదు.

ఆ ఆరుగురూ ఉండిపోలేదు. తల్లికి, తండ్రికి, కృష్ణుడికి, బలరాముడికి నమస్కరించి అందరూ చూస్తుండగానే వెళ్లిపోయారు. దేవకి మళ్లీ ఏడ్చిందని భాగవతం చెప్పదు. ఆశ్చర్యపోయిందని మాత్రం ఉంది. ఇక్కడ నాకు ఇంకా కొంచెం అసూయే, దాచడం ఎందుకు.

వాళ్లు తాగిన పాలను భాగవతం "పీతశేషం గదాభృతః" అంటుంది, కృష్ణుడు తాగగా మిగిలినవి అని. ఒక బిడ్డ తాగగా మిగిలింది ఇంకో బిడ్డకు. మా వాడికి ప్లేట్‌లెట్లు కావలసినప్పుడల్లా ముక్కూ మొహం తెలియనివాళ్లు, ఇంజనీరింగ్ కుర్రాళ్లు, ఒక ఆటో డ్రైవర్, మిషన్ దగ్గర గంటన్నర పడుకుని ఇచ్చి వెళ్లారు. ఇప్పుడు వాడి తిథికి మావారు ఇస్తారు. నన్ను హిమోగ్లోబిన్ 12.5 లేదని రెండుసార్లు వెనక్కి పంపారు. మునగాకు, బెల్లం, ఐరన్ మాత్రలు, ఏది పని చేసిందో గానీ మూడోసారి కూర్చోబెట్టారు. వాడికి పునుగులంటే ప్రాణం, కౌంట్ తక్కువని బయటివి పెట్టలేకపోయాను. ఆ రోజు ఇంట్లో వేస్తాను. ఉల్లిపాయ లేకుండా తీసినవి దేవుడికి, ఉల్లిపాయ వేసినవి వార్డు బయట మెట్ల మీద కూర్చునే తల్లులకు.

మీ చుట్టుపక్కల ఇలాంటి ఇల్లు ఉంటే వెళ్లండి. శ్లోకం చెప్పకండి. ఆ బిడ్డ పేరు పైకి పలకండి, పేరెత్తితే బాధపడతారని దాటేయకండి. ఈ అష్టమికి కృష్ణుడి పాదాలు వేసేముందు ఆ ఆరుగురినీ ఒక్కసారి తలుచుకోండి, ఆ తర్వాత ఎంత సంబరంగా చేసుకున్నా సరే.

ప్లేట్‌లెట్ల సంచి ఐదు రోజులే నిలవుంటుంది. అది కూడా ఫ్రిజ్‌లో పెట్టరు, ఒక మిషన్‌లో అటూ ఇటూ మెల్లగా ఊపుతూనే ఉంచాలి. ఇచ్చి లేచాక అద్దంలోంచి చూశాను. లేత పసుపు రంగు సంచులు వరసగా ఊగుతున్నాయి. నాది ఏదని అడిగితే బ్లడ్ బ్యాంక్ అమ్మాయి చూపించింది. మూడో రోజు అష్టమి రాత్రి ఉయ్యాల తాడు పట్టుకున్నప్పుడు, అది ఇంకా ఊగుతోందో, ఈపాటికి ఏ బిడ్డకు ఎక్కించారో అనుకున్నాను.