మైనస్ 37 డాలర్లు!

ముడిచమురు ధరల గ్రాఫ్‌ని వేలితో వెనక్కి జరుపుకుంటూ పోతున్నా. 2020 ఏప్రిల్ 20 దగ్గర గీత ఏకంగా సున్నా దాటి కిందికి దిగిపోయింది. ఫోన్‌కేదో అయిందనుకున్నా!

కాదట, నిజమే. డబ్ల్యూటీఐ అనే అమెరికా ముడిచమురు రకానికి మే కాంట్రాక్టు, అంటే మే నెలలో సరుకు తీసుకుంటామనే ఒప్పందం ధర, ఆ రోజు ముగిసింది పీపాకి మైనస్ 37.63 డాలర్ల దగ్గర. అంటే "బాబ్బాబు, ఈ పీపా పట్టుకుపో, ఎదురు డబ్బులిస్తా" అని అమ్మేవాడే బతిమాలుకోవడం.

లాక్‌డౌన్లతో వాడకం పడిపోయింది. ఆ సరుకు అప్పగించే చోటైన ఓక్లహామాలోని కుషింగ్ ట్యాంకుల్లో మిగిలిన చోటు కూడా ముందే బుక్కయిపోయింది. కాంట్రాక్టు గడువేమో మర్నాడే, ఆలోగా అమ్ముకోకపోతే సరుకు తీసుకోవాల్సిందే. సరుకు మీదొచ్చి పడితే ఎక్కడ పోసుకుంటారు పాపం!

ఇదే చమురు 2008 జూలైలో 147 డాలర్లు దాటింది. ఇక 200 ఖాయమని జోస్యాలు కూడా చెప్పారు. డిసెంబరుకల్లా 40 కిందికొచ్చేసింది.