టికెట్టు చవకని ఊరు ఎంచుకోకండి: యూరప్‌లో రెండు మూడు రోజుల ప్రయాణాల గురించి

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి ఇప్పుడు యూరప్ వెళ్ళే పెద్దవాళ్ళలో చాలామంది టూరు కోసం పోవడం లేదు. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లకాయల దగ్గరకి పోతున్నారు. రెండు నెలలో మూడు నెలలో ఉంటారు. పిల్లలు పొద్దున్నే క్లాసుకో ఆఫీసుకో వెళ్ళిపోతే వీళ్ళు కిటికీ దగ్గర కూర్చుని వచ్చే పోయే ట్రాములు చూస్తుంటారు. పక్క ఊరు ఏదన్నా చూసి రాకూడదా అంటే "ఎందుకులేమ్మా డబ్బులు దండగ, వాడికింకా లోను తీరలేదు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఎందుకంటే అసలు పెద్ద ఖర్చులు, అంటే చెన్నై నుంచి పోను రాను టికెట్టు, వీసా, ఇన్సూరెన్సు, అవన్నీ అప్పటికే పెట్టేసి ఉంటారు. ఇంకా మిగిలింది చిన్న ఖర్చు. ఊరు సరిగ్గా ఎంచుకుంటే అది నిజంగానే చిన్నది.

మా అమ్మాయి ఉండేది డ్రెస్డెన్‌లో, జర్మనీకి తూర్పు కొసన. అక్కడ ఉన్నప్పుడు నేనూ మా ఆయనా ఇద్దరమే చుట్టుపక్కల ఊర్లు తిరిగాం. ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. టికెట్టు ధర చూసి ఊరు ఎంచుకోకండి. దిగిన తర్వాత రోజుకి ఎంతవుతుందో చూసి ఎంచుకోండి.

టికెట్టు ఇరవై యూరోలే కదా అని ఎగిరి గంతేసే ముందు ఆ విమానం దిగేది ఎక్కడో మ్యాపులో చూడండి. పారిస్ అని రాసి ఉంటుంది, దిగేది బోవే అనే ఊర్లో, అక్కడి నుంచి పారిస్ ఎనభై కిలోమీటర్ల పైనే. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అనే ఎయిర్‌పోర్టు అసలు ఫ్రాంక్‌ఫర్ట్‌కి నూట ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. మ్యూనిక్ వెస్ట్ అని అమ్మే మెమింగెన్‌ది కూడా ఇంచుమించు అదే కథ. చెన్నై అని టికెట్టు కొంటే నాయుడుపేటలో దింపినట్టు అన్నమాట. అక్కడి నుంచి ఊర్లోకి బస్సు, ఆ బస్సుకి ఇద్దరికీ టికెట్లు, రాత్రి పొద్దుపోయి దిగితే టాక్సీ, ఇవన్నీ కలిపితే ఇరవై యూరోల టికెట్టు ఎక్కడికో పోతుంది. అదే సోఫియాలో అయితే రెండో టెర్మినల్ నుంచే మెట్రో ఎక్కి నేరుగా ఊరి మధ్యలో దిగొచ్చు. లిస్బన్‌లోనూ ఎయిర్‌పోర్టులోనే మెట్రో స్టేషన్ ఉంది. క్రాకోవ్‌లో రైలెక్కితే ఇరవై నిమిషాలకి అటూ ఇటూగా మెయిన్ స్టేషన్‌కి చేరిపోతాం. ముందు చూడాల్సింది ఇది, ఆఫర్లు కాదు.

బ్యాగు సంగతి కూడా చెప్పాలి. చవక విమానాల్లో ఉచితంగా పట్టుకెళ్ళనిచ్చేది సీటు కింద పట్టే చిన్న బ్యాగొక్కటే, రయనైర్, విజ్ ఎయిర్ లాంటి వాటిలో 40×30×20 సెంటీమీటర్లు. టేపు పెట్టి కొలవండి. పెద్దదైతే గేటు దగ్గర వసూలు చేసే డబ్బు టికెట్టు కన్నా ఎక్కువే ఉండొచ్చు. ఆవకాయ సీసా వద్దు, 100 మిల్లీలీటర్లు దాటిన పచ్చడిని చాలా చోట్ల సెక్యూరిటీ వాళ్ళు ద్రవం కిందే లెక్కేసి తీసి పక్కన పడేస్తారు. కందిపొడి, కారప్పొడి, వేయించిన అటుకులు ఏ ఇబ్బందీ లేకుండా వెళ్తాయి. ఇంకొకటి చాలామందికి తెలియదు. కొన్ని చవక సంస్థల్లో మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు, చేతిలో బోర్డింగ్ పాస్ ఉన్నా సరే, సెక్యూరిటీకి ముందే కౌంటర్ దగ్గరకి పోయి పాస్‌పోర్టు, వీసా చూపించి సరే అనిపించుకోవాలి. మాకు తెలిసిన పిల్లవాడొకడిని ఇందుకే గేటు నుంచి వెనక్కి పంపితే, మళ్ళీ వచ్చేలోపు విమానం వెళ్ళిపోయింది. ఆన్‌లైన్‌లో చెకిన్ చేసేశాం కదా అని నిమ్మళంగా కూర్చోకండి.

ఇక ఊర్లు. నాకు బాగా నచ్చింది, పెద్దవాళ్ళకి మొదట చెప్పేది పోలండ్‌లోని క్రాకోవ్. డ్రెస్డెన్ నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి చేరొచ్చు. పాత ఊరంతా నడిచి చూడగలిగినంతే ఉంటుంది. మధ్యలో పెద్ద చౌకు, 1257లో కొలతలేసి కట్టింది, ఒక్కో వైపు సుమారు రెండు వందల మీటర్లు. పాత కోట గోడలు కొట్టేసిన చోట ఊరు చుట్టూ చెట్ల తోట పెంచారు, అందులో అడుగడుగునా బెంచీలు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి ఆ బెంచీల విలువ తెలుస్తుంది. వావెల్ కొండ మీద రాజుల కోట ఉంది, లోపలి గదులకి టికెట్టు గానీ ఆవరణలో తిరగడానికి ఏమీ కట్టక్కర్లేదు. చౌకులో సెయింట్ మేరీ చర్చి గోపురం మీద నుంచి గంట గంటకీ ఒకాయన బాకా ఊదుతాడు, నాలుగు దిక్కులకీ తిరిగి. పాట సగంలో టక్కున ఆగిపోతుంది. పూర్వం శత్రువులు వస్తున్నారని హెచ్చరిస్తూ ఊదుతున్న వాడి గొంతులో బాణం దిగిందని కథ చెప్తారు. ఊదేవాళ్ళు ఊరి ఫైర్ సర్వీసు ఉద్యోగులట. మొదటిసారి విన్నప్పుడు ఏదో పొరపాటు జరిగిందనుకుంటాం. రెండో గంటకి జనంలో నిలబడి పైకి చూస్తూ, కిటికీలోంచి ఆ బాకా ఇత్తడి మెరుపు కనపడేదాకా ఎదురుచూస్తాం. దీనికి పైసా ఖర్చు లేదు.

క్రాకోవ్‌లో తిండి ఎందుకు చవకంటే, బార్ మ్లెచ్నీ అనే పాత పద్ధతి హోటళ్ళు ఇంకా ఉన్నాయి. మాట వరసకి పాల హోటళ్ళు, కూలీలూ ఉద్యోగులూ తక్కువలో తినడానికి పెట్టినవి. బార్ అని చూసి భయపడకండి, మందు ఉండదు. గోడ మీద బోర్డు నిండా వంటకాల పేర్లు, పక్కన ధరలు. ముందు కౌంటర్లో డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి, ఆ చీటీ వంటింటి కిటికీలో ఇవ్వాలి, పిలిచినప్పుడు పళ్ళెం మనమే తెచ్చుకోవాలి, తిన్నాక మనమే తీసుకెళ్ళి పెట్టాలి. నాకైతే పాత బస్టాండు క్యాంటీన్లోకి పోయినంత సుఖంగా అనిపించింది. శాకాహారులు రుస్కియే పియెరోగి అడగండి, బంగాళాదుంప, జున్ను కూరిన కజ్జికాయ ఆకారం వంటకం, ఉడకబెట్టి ఇస్తారు. అయితే పైన పంది కొవ్వు ముక్కలు వేయించి చల్లడం అక్కడ మామూలు, అందుకని ముందే "బెజ్ మియెన్సా", మాంసం లేకుండా అని చెప్పండి. మా ఆయనకి బంగాళాదుంప అట్లు తెగ నచ్చాయి, కారప్పొడి జేబులోంచి తీసి చల్లుకున్నాడు. ఇద్దరం కడుపునిండా తిన్నా జర్మనీలో ఒక్కరి భోజనానికి అయ్యేదాని కన్నా తక్కువే అయింది.

దగ్గర్లో వియెలిచ్కా ఉప్పు గని ఉంది, భూమి లోపల ఉప్పురాయి తొలిచి కట్టిన చర్చి చూడాల్సిందే, కానీ మెట్లు ఎనిమిది వందల దాకా ఉంటాయి, అందులో సగానికి కాస్త తక్కువ మొదట్లోనే దిగాలి. మోకాళ్ళు బాగున్న వాళ్ళే పెట్టుకోండి. హిట్లర్ కాలంలో లక్షల మందిని చంపిన ఆష్విట్జ్ శిబిరం కూడా క్రాకోవ్ నుంచి డెబ్బై కిలోమీటర్ల లోపే. గైడు లేకుండా వెళ్తే ప్రవేశం ఉచితం, ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని పోవాలి. ఆ రోజు ఇంకే కార్యక్రమం పెట్టుకోకండి. అక్కడి నుంచి వచ్చాక షాపింగు చేసే మనసు ఉండదు.

వియన్నా చూడాలని చాలామందికి ఉంటుంది, హోటలు రేట్లు చూసి ఆగిపోతారు. దానికి మార్గం బ్రాటిస్లావా. స్లొవాకియా రాజధాని, వియన్నాకి అరవై కిలోమీటర్లు, రైల్లో గంట ప్రయాణం. గది బ్రాటిస్లావాలో తీసుకుని ఒక రోజు వియన్నా పోయి రావచ్చు, ఇంకో రోజు అక్కడే కోట, డాన్యూబ్ ఒడ్డు, చిన్న పాత ఊరు తీరిగ్గా చూసుకోవచ్చు. రెండు రాత్రులకైతే ఇది బాగుంటుంది. వియన్నానే నాలుగు రోజులు చూడాలనుకునే వాళ్ళకి రోజూ పోయి వచ్చే తిప్పలు అనవసరం, అలాంటప్పుడు వియన్నాలోనే ఉండండి.

ప్రాగ్ ఇప్పుడు అంత చవకేం కాదు. అయినా డ్రెస్డెన్ నుంచి రైలు దారి కోసమైనా వెళ్ళమంటాను. రెండున్నర గంటల లోపే, అందులో చాలాసేపు ఎల్బే నది పక్కనే రైలు పోతుంది, రెండు వైపులా ఇసుకరాతి కొండలు. ప్రాగ్ వెళ్ళేటప్పుడు నదివైపు ఎడమ కిటికీ ఖాళీ ఉంటే వదలకండి. పాత ఊర్లో గది తీసుకోకుండా ట్రాములో రెండు మూడు స్టాపులు అవతల తీసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. డబ్బు మార్చే దుకాణాలతో జాగ్రత్త. బోర్డు మీద మంచి రేటు కనపడుతుంది, చేతికిచ్చేది వేరు. అలా జరిగితే రసీదు పారేయకండి, చెక్ దేశంలో 2019 నుంచి ఉన్న నియమం ప్రకారం మూడు గంటల్లోపు వెనక్కి వెళ్ళి ఆ మార్పిడి రద్దు చేయించుకోవచ్చు. అసలు మార్చకుండా కార్డు వాడడమే మేలు. ఏటీఎంలో "రూపాయల్లో లెక్కకట్టమంటారా" అన్నట్టు ఒక ప్రశ్న వస్తుంది. వద్దని నొక్కి, అక్కడి డబ్బులోనే కట్టండి. ఒప్పుకుంటే వాళ్ళు వేసే రేటు మన బ్యాంకు రేటు కన్నా దండగ. పోలండ్, చెక్, హంగరీ దేశాల్లో యూరో కాదు, వాళ్ళ డబ్బు వాళ్ళదే. స్లొవాకియాలో, 2023 నుంచి క్రొయేషియాలో, 2026 నుంచి బల్గేరియాలో యూరోనే.

బల్గేరియా అన్నాను కాబట్టి సోఫియా సంగతి. మా చుట్టాల అబ్బాయి వాళ్ళు పోయి వచ్చి చెప్పేదాకా నేనా ఊరి గురించి ఆలోచించలేదు. బల్గేరియా, రొమేనియా రెండూ 2025 జనవరి నుంచి పూర్తిగా షెంగెన్‌లోకి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులోకి వచ్చాయి, అందుకని అదే వీసాతో వెళ్ళొచ్చు. ఊరి నడిబొడ్డున మెట్రో తవ్వేటప్పుడు బయటపడ్డ రోమన్ల కాలం వీధుల్ని అలాగే ఉంచారు, నడుస్తూ చూడొచ్చు. పాత స్నానశాల భవనం దగ్గర వేడి ఖనిజ జలం కొళాయిల్లోంచి వస్తుంటే ఊరివాళ్ళు డబ్బాలు తెచ్చి పట్టుకుంటారు, మనమూ సీసా నింపుకోవచ్చు. అక్కడ చాలామంది కాదనడానికి తల పైకి కిందికి, అవుననడానికి అడ్డంగా ఊపుతారు. బేరం చేసేటప్పుడు గుర్తుంచుకోండి.

"అంత దూరం పోయి పారిస్ చూడకుండా వచ్చినారా?" అని మా పెద్దొదిన అడిగింది. చూడొచ్చు వదినా, చూడకూడదని కాదు. కానీ 2026 జనవరి నుంచి లూవ్ర్ మ్యూజియంలో యూరప్ బయటి వాళ్ళకి టికెట్టే 32 యూరోలు. అదే మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియం రోజూ చివరి రెండు గంటలు ఉచితం, సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. ఇటలీలో ప్రభుత్వ మ్యూజియంలు నెలలో మొదటి ఆదివారం ఉచితం. పారిస్‌కి డబ్బు కూడబెట్టుకుని నాలుగు రోజులు ఉండేలా వెళ్ళండి, ఒక్క రోజులో టవర్ దగ్గర ఫోటో దిగి రావడానికి కాదు.

షెంగెన్ బయటికి వెళ్ళాలనుకుంటే, జార్జియా రాజధాని ట్బిలిసి మన నోటికి పడే ఊరు. జున్ను రొట్టె, చిక్కుడు గింజల కూర, అక్రోటు ముద్ద కూరిన వంకాయ. చెల్లుబాటయ్యే షెంగెన్ వీసా ఉన్నవాళ్ళకి అక్కడ విడిగా వీసా అక్కర్లేదన్న నియమం ఉంది. అయితే పోయేముందు మీ షెంగెన్ వీసా మీద ఎన్ని ప్రవేశాలో చూడండి. ఒక్కసారికే ఇచ్చి ఉంటే, ఒకసారి బయటికి పోయాక మళ్ళీ పిల్లల దగ్గరకి రాలేరు. లండన్‌కైనా ఇదే మాట, పైగా దానికి వేరే వీసా. అందుకే చెన్నైలో దరఖాస్తు ఇచ్చేటప్పుడే ఎక్కువసార్లు ప్రవేశం అడిగి, ఎందుకో చిన్న ఉత్తరం జతచేయండి.

ఏ రోజుల్లో వెళ్ళాలంటే, మంగళవారం నుంచి గురువారం దాకా. పిల్లలకి శని ఆదివారాలే కుదురుతాయి, అందరూ అప్పుడే కదులుతారు, గదుల రేట్లు అప్పుడే పెరుగుతాయి. తీరిక ఉన్నది మనకి, మనమిద్దరమే వెళ్ళి రావచ్చు. ఇంగ్లీషు రాదని టెన్షన్ పడకండి, అక్కడ చాలామందికి కూడా అంతంతమాత్రమే. హోటలు పేరు, చిరునామా కాగితం మీద రాయించుకుని పర్సులో పెట్టుకోండి, ఫోన్ చార్జింగు అయిపోయినా ట్రాము డ్రైవర్‌కి చూపిస్తే చాలు. జూన్ నుంచి ఆగస్టు దాకా రేట్లు మండిపోతాయి. సెప్టెంబరు, అక్టోబరు బాగుంటాయి, చలి కూడా మనం తట్టుకోగలిగినంతే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే వీసా దరఖాస్తు తీసుకుంటారు కాబట్టి, సెప్టెంబరుకి అనుకునే వాళ్ళు ఏప్రిల్‌లోనే చెన్నైలో అపాయింట్‌మెంటు చూసుకోండి, జూలై దాకా ఆగితే స్లాట్లు దొరకడం కష్టం.