పలమనేరు అవతల ఒక గుర్రాల లాయం

డిసెంబరు 29న పొద్దున్నే తిరుపతిలో బయలుదేరి, చిత్తూరులో టిఫిను ముగించుకుని, మొగిలి ఘాటు ఎక్కేసరికి గాలిలో చలి తెలిసింది. పలమనేరు అవతల, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో నాతో చదివిన స్నేహితురాలికి తండ్రి నుంచి సంక్రమించిన గుర్రాల లాయం ఉంది. దానితోపాటు ముప్పై ఎకరాల మేతభూమి, బెంగళూరు పందేలకు తయారయ్యే గుర్రప్పిల్లలు, ఆయన మిగిల్చిన బాకీలు కూడా. వారసురాలంటే పట్టుచీరలో పందేలు చూసే మనిషిని ఊహించుకున్న నాకు, గంబూట్లతో లద్ది తట్ట మోస్తూ ఎదురై, "ఉండవే, చేతులు కడుక్కుని వస్తా" అంది.

లాయంలో అందరి బెంగా ఒక నిండుచూలు గుర్రం మీదే. మన దేశంలో థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రం ఏ తేదీన పుట్టినా జనవరి 1కి దాని వయసు ఒక ఏడు పెరుగుతుంది. ఈ మూడు రోజుల్లో ఈనితే, ఆ పిల్ల నిలబడడం నేర్చేలోపే కాగితాల మీద ఏడాది గుర్రమై, రేపు పందేల్లో తనకంటే దాదాపు ఏడాది పెద్దవాటితో పరుగెత్తవలసి వస్తుంది. చూలు సుమారు 11 నెలలు కనుక, సాధారణంగా ఫిబ్రవరి నడిమి దాకా ఆగి గుర్రాలను కలుపుతారు. ఈ జాతిలో కృత్రిమ గర్భధారణ చెల్లదు, గుర్రాన్ని లారీలో తీసుకువెళ్లవలసిందే; లారీ చవకగా దొరికిందని ఫిబ్రవరి మొదట్లోనే పంపడం తన తొందరపాటేనని ఆమె దాచకుండా చెప్పింది.

ఆమె వంగి టార్చి వేసి పొదుగు చూపించింది. చనుమొన చివర ఆవగింజంత తేనెరంగు మైనం పూస మెరిసింది. అది కనబడితే ఈనడానికి సాధారణంగా ఒకటి నుంచి నాలుగు రోజులేనట.

పక్క పాకలో ఆమె తండ్రి ముచ్చటపడి పెంచిన రెండు పుంగనూరు ఆవులు నా నడుము దాకా కూడా రాలేదు. అంత ఎత్తు గుర్రాల పక్కన ఇవేమిటని నవ్వాను గానీ, ఇంటికి పాలు, పెరుగు అమర్చేవి అవేనట. ఈ జాతిని కాపాడే పరిశోధన కేంద్రం పలమనేరులోనే ఉన్నా, సమయం చాలక చూడలేకపోయాను.

సాయంత్రం బయలుదేరుతుంటే రాత్రికి ఉండమని ఆమె అడగలేదు, నేనూ నొచ్చుకోలేదు. లాయం ముందు మడతమంచం వాల్చుకునే పనిలో ఉంది.

జనవరి 1 మధ్యాహ్నం ఫోను చేశాను.

"ఇంకా ఈనలేదే," అంది ఆవులిస్తూ. "రాత్రి పన్నెండు దాటాక పడుకున్నా, ఇప్పుడే లేచా."